ఖోకా ఎక్కడ పడ్డది?

నిన్న మూడు గంటల బ్యాచి అయిపోయిందని చెప్పడానికి మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో గంట తాడు లాగితే గంట మోగలేదు. లోపలున్న ఇత్తడి నాలుక ఊడి షాబాద్ బండ మీద పడింది. టింగుమని ఒకసారి ఎగిరి, ఇంకోసారి ఎగిరి, గోడ దాకా దొర్లి ఆగింది. మిషన్ల ముందు కూర్చున్న ఎనిమిది మంది ఆడపిల్లలూ కిసుక్కున నవ్వారు. నేను తాడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇత్తడి సామాను ఇళ్లలో రోజూ పడుతూనే ఉంటుంది. చెంబు పడితే డొల్లగా మోగుతుంది, పళ్లెం పడితే వీధంతా వినిపిస్తుంది. వేలెడంత ఇత్తడి ముక్క, ఎక్కడా పగులు లేకుండా, గట్టి బండ మీద పడితే వచ్చే చప్పుడు వేరు. ఆ చప్పుడు విని చాలా ఏళ్లయింది. "మేడం, కళ్లల్లో నీళ్లేంది?" అని ముందు వరసలో పిల్ల అడిగింది. చత్వారం అని చెప్పాను. అబద్ధాలాడటం నాకు ఇప్పటికీ చేతకాదు, ఆ పిల్ల నమ్మలేదు.

ఆ చప్పుడును వినడం నాకు నేర్పినవాడు దస్తగీర్ సాబు. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజారు వెనక సందులో తుపాకులు బాగుచేసే ఉస్తాదు. ఇప్పుడక్కడ చెప్పుల దుకాణం ఉంది. ఆ సందులోంచి వెళ్లినప్పుడల్లా నాకు అక్కర్లేకపోయినా చెప్పుల ధర అడుగుతాను, కాసేపు లోపల నిలబడే వంక కోసం. కింద బండలు మాత్రం అప్పటివే.

ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై ఏళ్లు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిషన్ బడిలో టీచరుగా స్థిరపడ్డాడు. నాకు ఇంగ్లీషూ టైపూ నేర్పించాడు కానీ ఉద్యోగం ఇప్పించలేకపోయాడు. తుపాకీ దుకాణం నడిపేవాళ్లు లోపలికి వచ్చిన ప్రతి తుపాకీనీ, బయటికి వెళ్లిన ప్రతి తుపాకీనీ రిజిస్టరులో ఇంగ్లీషులో రాసి, నెలకోసారి దాని నకలు ఠాణాకు పంపాలి. ఉస్తాదుకు ఇంగ్లీషు రాదు. అంతకుముందు రాసిపెట్టే ముసలాయన పోయాడట. మా నాన్నే నన్ను తీసుకువెళ్లి, మా అమ్మాయి రాస్తుందండీ అన్నాడు. ఆడపిల్లకు తుపాకుల కొట్టులో పనేమిటని మా చర్చిలో నాలుగు వారాలు మాట్లాడుకున్నారు, అయిదో వారానికి అలిసిపోయారు.

ఉస్తాదు పొట్టిగా, నల్లగా ఉండేవాడు. ఎడమ చేతి చూపుడు వేలికి కొస లేదు. కంటోన్మెంటులో దొరల ఆయుధశాలలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఆ తర్వాత సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది తెలుగే. ఉర్దూ ఆయనకు షేర్వానీ లాంటిది, పెద్దమనుషులు దుకాణానికి వచ్చినప్పుడు తొడుక్కునేవాడు. నేను మొదటిరోజు "ఉస్తాదుగారూ" అని పిలిస్తే చేతిలో ఉన్న ఆకురాయి పక్కన పెట్టి నవ్వాడు. "ఉస్తాద్ అంటె చాలు బిడ్డా. మీద మల్ల గారు ఎందుకు? టోపీ మీద టోపీ పెట్టినట్టు ఉంటది" అన్నాడు. నేను మాత్రం మానలేదు. కోస్తా నోరు, గారు లేకుండా మింగుడు పడేది కాదు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. తుపాకీ తెచ్చినవాడు ఎంతటివాడైనా ముందు ఖోకా చూపించాలి. తూటా పేలిపోయాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాన్ని ఆ పనిలో వాళ్లు ఖోకా అంటారు. అది చూడకుండా తుపాకీ విప్పేవాడు కాదు. చూశాక, దాన్ని ఒక దారానికి గుచ్చి తుపాకీకి కట్టేవాడు, పక్కన నేను రాసిన చీటీ. బాగుచేశాక నేరేడ్‌మెట్ అవతల రాళ్ల క్వారీకి తీసుకువెళ్లి మూడుసార్లు పేల్చి చూసేవాడు. బాగుంటే పాత ఖోకా తెంపి బిస్కెట్ల డబ్బాలో పడేసి, కొత్తది దారానికి గుచ్చేవాడు. దుకాణంలో ఏ తుపాకీ బాగైందో ఏది కాలేదో తెలుసుకోవడానికి రిజిస్టరు అక్కర్లేదు, దారం చూస్తే చాలు.

ఆ పద్ధతి వెనక ఏముందో నాకు అర్థమైంది కాప్రాలో. చెరువు పక్కన జామతోట ఉన్న రిటైరైన ఇంజనీరు ఒకాయన సెమీ ఆటోమేటిక్ రైఫిలు పట్టుకొచ్చాడు. ఒకసారి పేలితే దానంతటదే ఖోకాను బయటికి తన్నేసి, ఇంకో తూటాను లోపలికి లాక్కునే రకం. ఈ ప్రాంతంలో అప్పటికి అలాంటివి పట్టుమని పది కూడా ఉండవు. తోటలో పడే అడవిపందుల కోసం కొన్నాడట. రెండోసారికే ఇరుక్కుపోతోందని ఆయన గోల. "ఖోకాలు ఏవి సాబ్?" అన్నాడు ఉస్తాదు. "తుపాకీ ఇచ్చాను కదయ్యా, చెత్త కూడా ఏరుకు రమ్మంటావా?" అని ఇంజనీరుకు కోపం వచ్చింది. ఉస్తాదు తుపాకీని ముట్టుకోలేదు. "తుపాకీ ఏం చెప్పదు సాబ్. నోరు మూసుకొని కూసుంటది. బయటికి వచ్చినదే చెప్తది" అని, దుకాణం మూసి, నన్ను కూడా టాంగా ఎక్కమన్నాడు.

చెరువు గట్టు మీద ఇంజనీరును ఎక్కడ నిలబడి పేల్చాడో అక్కడే నిలబెట్టి, మేమిద్దరం గడ్డిలో వెతికాం. నా చీర కుచ్చిళ్లకు పల్లేరు కాయలు అంటుకున్నాయి. గంటసేపటికి అయిదు దొరికాయి. ఉస్తాదు భుజం మీది ఎర్ర రుమాలు పరిచి, వాటిని దొరికినచోటు ప్రకారం వరసగా పెట్టాడు. "జూడు బిడ్డా. అంచు చిరిగిందా? చిరగలే. అంటే కొక్కెం మంచిగనే పట్టి గుంజుతున్నది. ఏడ పడ్డయి? కాళ్ల కాడ పడ్డయి. అంటే తన్నే బలం చాల్తలేదు." అక్కడే, తూటాను లోపలికి నెట్టే బోల్టును వెనక్కి లాగి చూపించాడు. పాత నూనె ఎండి బంకలా పేరుకుంది. దుకాణంలో కిరసనాయిలు, ఒక బ్రష్షు, అరపూట పని. అంతేనా అని ఇంజనీరు మొహం చిన్నబోయింది. పెద్ద జబ్బేదో ఉంటుందని ఆశపడ్డాడు పాపం. క్వారీలో పరీక్షించినప్పుడు మూడు ఖోకాలూ కుడివైపుకు ఎగిరి నాలుగడుగుల అవతల ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. వాటి మీద ఉస్తాదు ఎర్ర రుమాలు కప్పాడు. మూడూ దాని కిందికి వచ్చాయి.

"దగ్గర పడ్డదా, దూరం పడ్డదా, అన్నీ ఒక్కజాగల పడ్డయా. ముందు గీ మూడు అడగాలె. గవి అడిగినంకనే చెయ్యి ఎయ్యాలె" అన్నాడు తిరిగి వస్తూ. టాంగా కుదుపులకు ఆ మాటలు ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి, అయినా నాకు అక్షరం పోలేదు. ఆ రోజు నుంచి నేను రాసే మనిషిని మాత్రమే కాకుండా పోయాను. మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయన టేకు కొయ్యతో తూటాలు చెక్కి పెట్టుకున్నాడు, పేలకుండా తుపాకీని ఆడించి చూడటానికి. వాటితో నాచేత విప్పించేవాడు, బిగింపించేవాడు. స్ప్రింగు జారి ఎగిరిపోతే తిట్టకుండా, "పో, దేవులాడుకో" అనేవాడు. ఆ బండల మీద మోకాళ్లతో పాకి నేను వెతికిన స్ప్రింగులు ఎన్నో. ఒక్కసారైనా ఆయన నోటి నుంచి బాగా చేశావు అన్న మాట మాత్రం రాలేదు. అది వినాలని నాకు ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చాలా ఉండేది.

పోలీసు చర్య జరిగిన ఏడాది, వానలు పడటం మొదలైనప్పటి నుంచీ ఊళ్లలోంచి జనం మూటలతో సికింద్రాబాదుకు వస్తూనే ఉన్నారు. ఖాకీ చొక్కాలు తొడుక్కున్న దళాలు ఊళ్ల మీద పడుతున్నాయని చెప్పుకునేవారు. అలాంటి చొక్కా వేసుకున్నవాడే ఒకడు ఒకరోజు పొద్దున మా దుకాణానికి వచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడేమో, మీసం కూడా ఇంకా సరిగ్గా రాలేదు. సంచిలోంచి సెమీ ఆటోమేటిక్ రైఫిలు తీసి బల్ల మీద పెట్టాడు. మా పద్ధతి ముందే తెలుసుకుని వచ్చినట్టున్నాడు, జేబులోంచి నాలుగు ఖోకాలు కూడా తీసి పోశాడు.

"దగ్గర పడ్డయా, దూరం పడ్డయా?" అని ఉస్తాదు అడిగాడు.

"దగ్గరనే. సగం బయటికొచ్చి అండ్లనే ఇరుకుతున్నయి. పరేషాన్ చేస్తున్నది ఉస్తాద్."

"ఏడ పడ్డయి?"

"ఊర్ల."

"ఊర్ల ఏడ?"

"ఇండ్ల ముంగట" అని వాడు నవ్వాడు.

ఉస్తాదు ఒక ఖోకా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. దాని మూతి ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. నేను పక్కనుంచే చదివేశాను. అంచు బాగుంది, మూతి నలిగింది, అంటే కొక్కెం లాగుతోంది, తన్నే ముక్క వెనకున్న స్ప్రింగు మెత్తబడింది, గొట్టం బయటికి పోయేలోపే బోల్టు వచ్చి నొక్కేస్తోంది. గొట్టం పక్కన పసుప్పచ్చని మరక కూడా కనపడింది. ఏదో పాలిష్ అనుకున్నాను. ఉస్తాదు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మళ్లీ చూశాడు. తర్వాత మెల్లగా బల్ల మీద పెట్టి, "స్ప్రింగు పోయింది నాయనా. విలాయతి మాలు. ఆడికెల్లే రావాలె. మూడు నెల్లు పడ్తది" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అలాంటి స్ప్రింగులు పన్నెండు మూడో సొరుగులో ఉన్నాయి. క్రితం ఏడాది ఓడలో వస్తే రిజిస్టరులో నేనే రాశాను. ఉస్తాదు నావైపు చూడకుండానే, "స్ప్రింగు లేదని రాసుకో బిడ్డా" అన్నాడు. రాశాను. తేదీ వేశాను. ఆయన చూసిన ఖోకాను దారానికి కట్టాను. నా చేతులు రాస్తున్నా నా మనసు ఒప్పుకోలేదు. ముసలాయనకు మతిమరుపు వచ్చిందనుకున్నాను. సొరుగు తెరిచి చూపించాలనుకున్నాను, కానీ ఉస్తాదు తప్పును పరాయివాడి ముందు ఎత్తి చూపడానికి నోరు రాలేదు. వాడు వెళ్లిపోయాక చెబుదామంటే ఆయన మొహం చూసి ఆగిపోయాను.

వాడు వారం తిరక్కుండా రెండుసార్లు వచ్చాడు. రెండోసారి స్నేహితులను వెంటబెట్టుకొచ్చాడు. "ఫౌజుల పద్దెనిమిదేండ్లు చేసిన అంటవు. ఒక్క స్ప్రింగుకు దిక్కులేదా? నీకు పని రాదని బోర్డు రాసి పెట్టుకో" అని సందులో నలుగురూ వినేలా అన్నాడు. పక్క దుకాణాలవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. ఉస్తాదు తల వంచుకుని, "ముసలోన్నయిన నాయనా. కండ్లు మంచిగ కనబడ్తలెవ్వు" అన్నాడు. గడ్డిలో పడ్డ ఖోకాను నాకంటే ముందు చూసే మనిషి ఆ మాట అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఎవడో మీసం రానివాడి ముందు మా ఉస్తాదు పని రానివాడుగా నిలబడటం నేను భరించలేకపోయాను.

ఆ వారమే ఆయనకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడు. వానకాలం, తుపాకులకు రోజూ నూనెగుడ్డ పెట్టకపోతే తుప్పు పడతాయి కాబట్టి తాళంచెవి నాకు ఇచ్చాడు. రెండోరోజు పొద్దున నేను తలుపు దగ్గరగా వేసి, మూడో సొరుగు తెరిచి, ఆ రైఫిలు విప్పాను. పాత స్ప్రింగు తీసి కొత్తది పెట్టాను. పావుగంట పట్టలేదు. కొయ్య తూటాలు నింపి బోల్టు లాగితే ఒక్కొక్కటీ ఎగిరి వెళ్లి తలుపుకు తగిలాయి. గర్వంతో నా చెవులు వేడెక్కాయి. దారం నుంచి పాత ఖోకాను తెంపి బిస్కెట్ల డబ్బాలో పడేశాను. క్వారీలో పేల్చి చూడటం నావల్ల కాదు కాబట్టి దారం ఖాళీగా ఉంచి, రిజిస్టరులో మాత్రం బాగైంది అని రాశాను. ఉస్తాదు జ్వరం తగ్గి వచ్చి చూస్తే తన మతిమరుపు తనకే తెలుస్తుందనీ, వాడి మొహాన రైఫిలు పెట్టి పంపిస్తాడనీ, ఆ తర్వాత నన్ను ఆ మాట అంటాడనీ అనుకున్నాను. ఖోకాను ఆయన నేర్పినట్టే చదివానన్న ధీమా నాది.

ఆయన రాకముందే విమానాలు వచ్చాయి. ఆ అయిదు రోజులూ ఎవరూ దుకాణాలు తీయలేదు. అంతా అయిపోయి, సంస్థానం లొంగిపోయిందని రేడియోలో చెప్పాక, సైన్యం వీధి వీధీ తిరిగి ఆయుధాలు లెక్క చూసింది. మా దుకాణానికి ఒక కెప్టెనూ నలుగురు జవాన్లూ వచ్చారు. ఉస్తాదు జ్వరం నుంచి అప్పుడే లేచి వచ్చాడు, కంబళి కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కెప్టెన్‌కు తెలుగు రాదు, ఇంగ్లీషులో తప్ప మాట్లాడడు, ఉస్తాదుకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. చీటీ మీద ఆ కుర్రవాడి పేరూ దళం పేరూ చూసి కెప్టెన్ ఆ రైఫిలును చేతిలోకి తీసుకున్నాడు. బోల్టు లాగి చూశాడు, అది సాఫీగా ఆడింది. రిజిస్టరులో చివరి మాట చదివాడు. "ఈ దళానికి ఆయుధాలు బాగుచేసి ఇచ్చింది ఎవరో అడుగు" అన్నాడు నాతో.

నేను ఉస్తాదు వైపు తిరిగాను. ఆయన నన్ను చూడటం లేదు. ఖాళీగా వేలాడుతున్న దారాన్ని చూస్తున్నాడు. తర్వాత రిజిస్టరునూ, మూడో సొరుగునూ, చివరికి నన్నూ చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఉండుంటే బాగుండేదని నాకు ఇన్నేళ్లుగా అనిపిస్తోంది. "నేనే చేసిన అని చెప్పు బిడ్డా" అన్నాడు.

"జల్ది చెప్పు. నేనే చేసిన" అన్నాడు మళ్లీ, తాళం ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. కెప్టెన్ నావైపు చూస్తున్నాడు. నేను ఇంగ్లీషులోకి మార్చాను. ఆయనే చేశాడట సార్ అన్నాను. వ్యాకరణం తప్పు కూడా లేదు. మా నాన్న నేర్పిన ఇంగ్లీషు మొట్టమొదటిసారి పనికొచ్చిన చోటు అది. ఆయనను జీపు ఎక్కించి తీసుకువెళ్లారు. తుపాకులన్నీ కూడా తీసుకువెళ్లారు. కంబళి స్టూలు మీదే ఉండిపోయింది.

నేను ఇంటికి వెళ్లి రెండు రోజులు మంచం దిగలేదు. భయం. ఉన్నమాట అదే, దానికి వేరే పేరు పెట్టుకోదలచుకోలేదు. మూడోరోజు కంబళి ఇచ్చి వద్దామని ఉస్తాదు ఇంటికి వెళ్తే ఆయన భార్య బీబమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. "ఆ రోజు జ్వరం గాదు బిడ్డా. ఆ రైఫిలు కాడ కూసోవాల్సొస్తదని పండుకున్నడు. పసుపు అంటిన తూటను జూసిన అని ఒక్కటే తీర్గ అన్నడు. మూడు దినాలు బువ్వ తినలే" అంది. నాకు వెంటనే బోధపడలేదు. దుకాణానికి పరుగెత్తి, బిస్కెట్ల డబ్బా కుమ్మరించి, ఆ మూతి నలిగిన ఖోకా వెతికి తీశాను. గోటితో గీకి వాసన చూశాను. మందు వాసన కింద పసుపు వాసన. పసుపులోనే ఒక చుక్క కుంకుమ కూడా ఎండిపోయి ఉంది. అది ఎవరింటిదో గడప. ఎవరో ఇల్లాలు ఆ పొద్దున పూసిన పసుపు మీద ఆ ఖోకా పడింది. మా ఇంటి గడపకు పసుపు రాయరు, అది సాకు కాదు, చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ రాస్తారు, రోజూ చూస్తూనే ఉన్నాను. మూతి నొక్కును చూసినదాన్ని మరకను చూడలేదు. ఎక్కడ పడ్డది అని ఆయన అడిగిన మాట నాకు స్ప్రింగు సంగతి చెప్పింది, ఆయనకు ఊరి సంగతి చెప్పింది. పని వచ్చినవాడు పని రాదని చెప్పుకుని, సందులో నలుగురి ముందు తిట్లు తిని, ఆ రైఫిలును చెడిపోయినదిగానే ఉంచాడు. నేను బాగుచేశాను.

మర్నాడు మా నాన్నతో కలిసి తిరుమలగిరిలో వాళ్ల క్యాంపుకు వెళ్లాను. కెప్టెన్ ముందు అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. ముసలాయనను కాపాడటానికి కట్టుకథ చెబుతున్నానన్నాడు. ఆయుధాలు చూసే పంజాబీ హవల్దారును పిలిపించాడు. నేను రిజిస్టరులో రెండు పేజీలు చూపించాను. పన్నెండు స్ప్రింగులు వచ్చాయని రాసిన పేజీ ఒకటి, స్ప్రింగు లేదని రాసిన పేజీ ఇంకొకటి. నా వెంట తెచ్చిన సొరుగులో పదకొండు కొత్తవీ, నేను తీసేసిన పాత స్ప్రింగూ ఉన్నాయి. హవల్దారు లెక్కపెట్టుకుని, నేను తెచ్చిన ఖోకాను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. దారి పొడవునా ఊళ్ల గడపలు చూసి వచ్చినవాడు, అతనికి వివరించాల్సిన పని పడలేదు. తిరిగి వచ్చి కెప్టెన్‌తో, "సాబ్, గడప పసుపు" అన్నాడు. తర్వాత రైఫిలులో పాత స్ప్రింగు పెట్టించి నాకు ఇచ్చి, "చెయ్యి" అన్నాడు. కెప్టెనూ హవల్దారూ నిలబడి చూస్తుండగా మళ్లీ పావుగంటలో చేశాను. స్ప్రింగు ఒకసారి జారిపోయింది, మోకాళ్ల మీద వెతుక్కున్నాను.

మట్టిగోడకు గురిపెట్టి హవల్దారు మూడుసార్లు పేల్చాడు. అందరూ గోడ వైపు చూస్తున్నారు. నేను కుడివైపు నేల చూస్తున్నాను.

ఉస్తాదును వదిలేశారు. అంతటితో అయిపోతే ఈ జ్ఞాపకం ఇంత బరువుగా ఉండేది కాదేమో. యజమానికి తెలియకుండా ఒక అమ్మాయి రైఫిలు బాగుచేయగలిగిన దుకాణం చేతిలో ఆయుధాలు ఉంచలేమని కెప్టెన్ లైసెన్సు రద్దు చేశాడు. ఆయన మాటలో తప్పు వెతుకుదామని నేను చాలా ప్రయత్నించాను. దొరకలేదు. నేను నిజం చెప్పి ఉస్తాదును బయటికి తెచ్చాను, ఆ నిజమే ఆయన దుకాణాన్ని మూసింది.

గుల్బర్గాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. దుకాణం ఖాళీ చేసే రోజు నేను వెళ్లాను. గోడకు తుపాకులు లేని మేకులు మిగిలాయి. ఆయన ఆకురాళ్లు గోనెసంచిలో చుడుతున్నాడు. నావల్లే ఉస్తాదుగారూ అన్నాను. ఆయన ఇంకో ఆకురాయి తీసి చుట్టాడు. నాకు ముందే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. "చెప్తే, నిన్ను ఎవడన్న అడిగినప్పుడు నువ్వు అబద్ధం ఆడాల్నాయె. నీకు ఆడొస్తదా? నీ మొకం మీదనే రాసుంటది" అన్నాడు. కాసేపు సంచి కట్టుకుంటూ ఉన్నాడు. ఉన్నట్టుండి ఆగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"హవల్దార్ పేల్చిండు గద. ఖోకా ఎక్కడ పడ్డది?"

"కుడివైపు. నాలుగడుగుల అవతల."

"మూడూ ఒక్కజాగలనా?"

"రుమాలు కప్పేంత చోటులోనే పడ్డాయి."

"రుమాలంటె ఎంత? చూపెట్టు."

నా చేతిరుమాలు తీసి బండ మీద పరిచాను. ఆయన రుమాలు కంటే అది చాలా చిన్నది, లేసు అంచుది, మా అమ్మ కుట్టింది. ఆయన వంగి, కొస లేని ఆ వేలితో రుమాలు చుట్టూ నెమ్మదిగా గీశాడు. "నేను మొట్టమొదలు చేసినప్పుడు నా ఖోకాలు గీ అర్రంత జాగల పడ్డయి" అన్నాడు, ఆ గది చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తూ. మళ్లీ సంచి దగ్గరికి వెళ్లిపోయి, అటు తిరిగి, "బాగ చేసినవ్ బిడ్డా" అన్నాడు.

ఆ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో ముందే చెప్పాను. ఏ పని ఆయన బతుకుతెరువును పోగొట్టిందో ఆ పనికే అది నాకు దక్కింది. వాళ్లు వెళ్లాక గుల్బర్గాకు మూడు ఉత్తరాలు రాశాను. చదివిపెట్టేవాళ్లు దొరికారో లేదో తెలియదు. మూడేళ్ల తర్వాత బీబమ్మ తమ్ముడు బోయిన్‌పల్లిలో కనపడి, ఆయన అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ ఉండి చనిపోయాడని చెప్పాడు. కుట్టుమిషను తెచ్చినవాళ్లను ముందు కుట్టిన గుడ్డ చూపించమని సతాయించేవాడట. అది విని బజారు మధ్యలో కూరగాయల సంచితో నిలబడి నేను నవ్వాను, ఆ తర్వాత ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు.

నేను టైపు మిషన్ల మధ్య బతికాను. మా ఇన్‌స్టిట్యూట్‌కు మెకానిక్కును ఎప్పుడూ పిలవలేదు. మిషను పాడైందని పిల్లలు పరుగెత్తుకొస్తే నేను మిషను వైపు చూడను, అది కొట్టిన కాగితం తెమ్మంటాను. అక్షరం ఎక్కడ పడింది, పైనా కిందా, రోజూ ఒక్కచోటేనా అని అడుగుతాను. ఈవిడకు చాదస్తం అని వాళ్లు అనుకోవడం నాకు వినపడుతూనే ఉంటుంది. పసుపు అంటిన ఆ ఖోకా నా సొరుగులో ఉంది. క్యాంపులో హవల్దారు దాన్ని తిరిగి నా చేతిలో పెట్టాడు. పసుపు ఎప్పుడో రాలిపోయింది, అది ఏ ఊరి గడపదో నాకు ఎప్పటికీ తెలియలేదు.

నిన్న పిల్లలు వెళ్లాక కుర్చీ ఎక్కి గంట నాలుకను బిగించాను. తీగ అరిగిపోయింది, కొత్తది వేశాను. కిందికి దిగి తాడు లాగితే బాగానే మోగింది. ఖాళీ గదిలో నిలబడి ఇంకోసారి లాగాను. నాలుక ఊడిపడి దొర్లి ఆగినచోట, గోడ పక్కన బండ మీద, నా చేతిరుమాలు పరిచి చూశాను. ఎక్కడ పడ్డది బిడ్డా అని ఎవరైనా అడిగితే చూపించడానికి.